మూడు నెలలు తక్కువ పదహారు

నాకు వయసులు రెండు. ఒకటి అమ్మ లెక్క, రెండోది బడి లెక్క. అమ్మ లెక్క ప్రకారం నేను సద్దుల బతుకమ్మ నాడు పుట్టాను. నల్లగొండ జిల్లాలోని మా ఊరి ఆడవాళ్ళంతా పూలు పేర్చుకుని బయలుదేరుతుంటే అమ్మకు నొప్పులు మొదలయ్యాయట, అందుకని ఆ రోజు విషయంలో ఆమెకు అనుమానమన్నదే లేదు. బడి లెక్క ప్రకారం నేను అంతకు ఇరవై నెలల తరువాత, ఒక జూన్ నెలలో పుట్టాను. ఆ రెండో పుట్టుక మన్సూరాబాద్‌లో, మా ఇంటి ఓనరుగారి వరండాలో, టీ తాగుతుండగా జరిగింది.

ఓనరుగారిది గుడివాడ వైపు. కరెంటు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరై, ఇల్లు కట్టుకుని, పైన తాముండి కింద రెండు గదులు మాకు కిరాయికిచ్చారు. మా నాయిన సిటీ బస్సు డ్రైవరు. నన్ను ఒకటో తరగతిలో చేర్పించే రోజు పొద్దున్నే ఓనరుగారు నాయినను పైకి పిలిచి తన గోడు వెళ్ళబోసుకున్నారు. చిన్నప్పుడు ఆయన్ని బడిలో వేసిన మాస్టారు రెండేళ్ళు కలిపి రాసేశారట. దాంతో ఒంట్లో సత్తువ ఉండగానే ఆఫీసువాళ్ళు మెడలో దండ వేసి ఇంటికి పంపించేశారట.

"మీ అమ్మాయి విషయంలో ఆ పొరపాటు చేయకండి డ్రైవరుగారూ. తగ్గించి రాయించండి. రేపు గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందనుకోండి, తోటివాళ్ళంతా ఇంటికెళ్ళిపోయినా తను కుర్చీలోనే ఉంటుంది."

నాయినకు ఆ మాట తెగ నచ్చింది. బడిలో పెద్దసారుకు ఎవరికైనా జూన్ నెలే రాసే అలవాటు ఉండేది. మా తరగతిలో సగంమందిమి జూన్‌లో పుట్టినవాళ్ళమే. అలా ఆరున్నర దాటిన నేను ఐదేళ్ళ పిల్లగా బెంచీ ఎక్కాను. "నా బిడ్డ ఇరవై నెలలు ఎక్కువ నౌకరి చేస్తది" అని నాయిన ఊరికి పోయినప్పుడల్లా చెప్పుకునేవాడు. నాకప్పుడు అందులో తేడా ఏమీ తెలియలేదు. తెలిసే నాటికి పదిహేడేళ్ళు వచ్చాయి, తెలిసిన రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

మా మేడ మీద బట్టలారేస్తుంటే చిన్న విమానాలు కనిపించేవి. పెద్ద విమానాల్లా ఎక్కడో మబ్బుల్లో గీత గీసుకుంటూ పోయేవి కావు. తుర్కయంజాల్ అవతల ఉన్న చిన్న రన్‌వే మీంచి లేచి, ఎల్బీనగర్ వైపు వచ్చి, మమ్మల్ని ఒకసారి చూసిపోయినట్టు వెనక్కి తిరిగేవి. విమానం నేర్చుకునేవాళ్ళు నడిపేవి అవి. లోపలున్న మనిషి తల కూడా కనిపించేదని నేను ఇప్పటికీ వాదిస్తాను. అమ్మ ఒప్పుకోదు. నేను మాత్రం సగం బట్టలు బకెట్లోనే వదిలేసి పిట్టగోడ దగ్గర నిలబడి, ఏదో ఒక రోజు ఆ తల నాదే అవుతుందని ఎవరికీ చెప్పకుండా అనుకునేదాన్ని.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన ఏడాది తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. కాలేజీ నడిచిన రోజుల కంటే బందు రోజులే ఎక్కువ. అలాంటి ఒక వారంలో కాలేజీ నోటీసు బోర్డు మీద వ్యాసరచన పోటీ ప్రకటన చూశాను. పెట్టింది విమానం నేర్పే ఒక సంస్థ. 'పైనుంచి నా ఊరు' అన్నది విషయం. మొదటి బహుమతి పది గంటల విమాన శిక్షణ. ఎన్నడూ పైనుంచి చూడని నాగోలు గురించి, మూసీ గురించి, మా మేడ గురించి, కళ్ళారా చూసినట్టు ఎనిమిది పేజీల కోతలు కోసేశాను. బహుమతి నాకే వచ్చింది.

ఉత్తరం అందిన రోజు ఇంట్లో పండగే. నాయిన బస్సు డ్రైవర్ల సమ్మెలో ఉన్నాడు కాబట్టి పగలంతా ఖాళీ. మరునాడే నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని సాగర్ రోడ్డు పట్టాడు. రన్‌వే పక్కన రేకుల షెడ్డు, దాని ముందు రెండు సీట్ల తెల్ల విమానం. చేత్తో తాకితే వేడిగా ఉంది. మాకు ఎదురొచ్చిన శిక్షకుడు సైన్యంలో విమానాలు నడిపి వచ్చిన పెద్దాయన, తెల్ల మీసాలు, సికింద్రాబాద్ మాట. నా వ్యాసాన్ని మెచ్చుకుని, పదో తరగతి మెమో అడిగాడు. దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు.

"స్టూడెంట్ పైలట్ లైసెన్సు ఇయ్యాలంటే పదహారు నిండాలె అమ్మా. సొంతంగా నడుపుకునే ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పదిహేడు. జీతం తీసుకొని నడపాలంటే పద్దెనిమిది. నీకు ఇంకా పదిహేనే ఉన్నయి."

"లేదు సార్, నాకు పదిహేడు! మొన్న బతుకమ్మకే నిండాయి."

"కాయితం మీద?"

నేను నాయిన వైపు చూశాను. నాయిన తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఉత్తరంలో బహుమతి గడువు మార్చి నెలాఖరు అని రాసి ఉంది. కాగితం మీద నాకు పదహారు నిండేది జూన్‌లో. అసలు లెక్కలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకే సరిపోయేదాన్ని, మూడు నెలలు తక్కువై స్టూడెంట్ లైసెన్సుకు కూడా పనికిరాకుండా పోయాను. ఇరవై నెలలు ఎక్కువ నౌకరి చేయాల్సిన బిడ్డను నేనే మరి. స్కూటరు మీద ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. వచ్చాక విప్పాను. ఓనరుగారు పైనుంచి దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"సలహా ఇచ్చింది నేనేనమ్మా. తిట్టేదేదో నన్నే తిట్టు."

ఆయన్ని కూడా తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు మాత్రం ప్రాణం హాయిగా ఉండింది.

నాయిన ఊరుకోలేదు. బడికి పోయాడు. మెమో వచ్చేశాక మార్చడం తమ చేతుల్లో లేదని, కోర్టు నుంచి ఉత్తర్వు తెస్తే చూస్తామని చెప్పారు. ఎల్బీనగర్ కోర్టుకు పోయాడు. తెలంగాణ కోసం వకీళ్ళు కోర్టు పనులు ఆపేసి గేటు ముందు కూర్చుని ఉన్నారు. బిడ్డ పుట్టినరోజు దిద్దించుకోవడానికి పోయిన మనిషి, అక్కడే వాళ్ళతో కలిసి మధ్యాహ్నం దాకా నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏమైంది నాయినా?" అంటే "తెలంగాణ అయితే ఒస్తది బిడ్డా, నీ పుట్టినరోజు సంగతే ఎటూ తెలుస్తలేదు" అన్నాడు. ఆ బొంగురు గొంతుకు ఏడుపులో కూడా నవ్వొచ్చింది.

చివరికి దారి చూపించింది ఓనరుగారి క్లర్కు బుర్ర. పాతికేళ్ళు ఫైళ్ళు చదివిన మనిషి కదా, ఉత్తరాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివారు. 'విజేత గాని, విజేత కుటుంబంలో అర్హులైన మరొకరు గాని' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మేమెవరమూ అంత దూరం చదవలేదు.

"ఇంకేం, డ్రైవరుగారూ! మీరే ఎక్కండి" అన్నారు.

నాయిన మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళు దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో బస్సు నడిపినవాడికి అడ్డమొచ్చేవాళ్ళు లేని ఆకాశం ఒక లెక్కా అని ఆయన నమ్మకం. కానీ పదో తరగతి పాసై ఉండాలి. నాయిన పదిలో లెక్కల పరీక్ష దగ్గరే ఆగిపోయాడు. ఓనరుగారు ఉత్తరం మడిచేశారు. అప్పుడు మూలన బట్టలు కుట్టే మిషను ఆగింది.

"నేను పాసైన" అంది అమ్మ. "ఫస్ట్ క్లాసుల పాసైన."

మా అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఆమెకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. ఆమె పుట్టినరోజును పెంచినవాళ్ళూ లేరు, తగ్గించినవాళ్ళూ లేరు. ఆడపిల్లకు నౌకరి వస్తుందన్న ఆలోచన ఎవరికీ లేకపోవడం వల్ల ఆమె మెమోలో నిజమే మిగిలింది. నాయిన ఆమెను ఎగాదిగా చూసి "ఏందే, నిజంగనే పోతవా?" అన్నాడు. "పది గంటలు ఊకనే ఎందుకు పోవాలె?" అంది అమ్మ, మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెడుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది గానీ నిజం అదే. కన్నతల్లి మీద అసూయ పడ్డాను.

డాక్టరు పరీక్షలో అమ్మ కళ్ళు, చెవులు, గుండె అన్నీ దిట్టంగా ఉన్నాయని తేలింది. ఆ వయసులో అద్దాలు లేకుండా గోడ మీది అక్షరాల్లో చివరి వరుస చదవడం చూసి ఆయన ఏం పని చేస్తారని అడిగారట. రోజూ సూదిలో దారం ఎక్కించేదాన్ని అని అమ్మ జవాబు. ఆ తరువాత స్టూడెంట్ లైసెన్సు కోసం చిన్న మౌఖిక పరీక్ష ఉండేది. పాఠాలు చెప్పడం నా వంతుకొచ్చింది. పుస్తకమంతా ఇంగ్లీషు, అమ్మది తెలుగు మీడియం. ఒకటికి నాలుగుసార్లు చెప్పి విసుక్కునేదాన్ని. రెండు విమానాలు అడ్డంగా ఎదురైతే కుడివైపు నుంచి వచ్చేదానికి దారి ఇవ్వాలని చదివితే, పక్కన పడుకున్న నాయిన లేచి కూర్చున్నాడు.

"ఎల్బీనగర్ చౌరస్తాల ఎవడన్న ఇచ్చిండా ఇప్పటిదాంక?"

"గందుకే విమానాలు చౌరస్తాల తిప్పరు" అంది అమ్మ. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, అమ్మ పాసైంది.

మొదటి పాఠానికి పోయిన రోజు మళ్ళీ బందు. నాయిన స్కూటరు నడుపుతుంటే వెనక అమ్మ, మధ్యలో ఇరుక్కుని నేను. సాగర్ రింగు రోడ్డు దగ్గర నడిరోడ్డు మీద రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. గులాబీ కండువాలు వేసుకున్న ఆడవాళ్ళు స్కూటరు ఆపారు.

"ఏడికి పోతున్నరక్కా బందు పూట? దవాఖానకా?"

"కాదు చెల్లె. విమానం నేర్చుకోనీకి పోతున్న."

గరిటెలు ఆగిపోయాయి. ఒక ముసలమ్మ నాయిన వైపు తిరిగి ఈమెకు మంచిగ లేదా అన్నట్టు చూసింది. నాయిన జేబులోంచి లైసెన్సు కాగితం తీసి చూపించాడు. అది చేతులు మారుతూ పొయ్యి చుట్టూ తిరిగి వచ్చింది. ఆ తరువాత ఎవరూ ఆపలేదు గానీ కిచిడీ తినకుండా పోనివ్వలేదు.

"కడుపునిండ తినిపో అక్కా. మీద ఆకలైతే ఏడ దొరుకుతది? పైకి పోయినంక జై తెలంగాణ అను, మాకు వినొస్తది!"

అమ్మ అన్నదా లేదా అని తరువాత అడిగాను. ఇంజను చప్పుడుకు తనకే వినిపించలేదని చెప్పింది.

ఆ మొదటి రోజు అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని విమానమెక్కడం, తలుపు మూసుకోవడం, విమానం గుంతల దారిలో పోతున్నట్టు ఊగుతూ రన్‌వే చివరికి పోయి తిరగడం నేను షెడ్డు నీడలోంచి చూశాను. అది నేల వదిలినప్పుడు నాయిన చప్పట్లు కొట్టాడు. నేను కొట్టలేదు. దిగి వచ్చాక శిక్షకుడు అమ్మ కాళ్ళ గురించి పొగిడాడు. విమానం తోకను తిప్పే పెడల్ పాదాల కింద ఉంటుంది, కొత్తవాళ్ళు చేతులు కదిపితే కాళ్ళు మరిచిపోతారట, కాళ్ళు కదిపితే చేతులు మరిచిపోతారట. అమ్మకు కుట్టుమిషను దగ్గర రెండూ కలిపి ఆడించడం పాతికేళ్ళ అలవాటు. "ఎవరి దగ్గర నేర్చుకొని ఒచ్చినవమ్మా?" అని అడిగాడాయన. ఆ పొగడ్తకు కూడా నాకు కోపమే వచ్చింది.

సమ్మె అయిపోయింది, నాయిన బస్సెక్కాడు, చలికాలం వచ్చింది. వారానికో పదిహేను రోజులకో అమ్మ ఓనరుగారి కారులో పోయి వచ్చేది. తెలంగాణ వస్తే మిమ్మల్నందరినీ బెజవాడ బస్సెక్కిస్తామని నాయిన ఆయన్ని ఏడిపించేవాడు. "ఎక్కించండి, కాని మీ ఆవిడ గారి పాఠాలు అయ్యాకే. ఆవిణ్ణి దింపేదెవరు మరి?" అని ఆయన అనేవారు. వెళ్ళొచ్చిన సాయంత్రం అమ్మ పైనుంచి ఏం చూసిందో చెప్పబోయేది. నేను పుస్తకం పట్టుకుని ఎంపీసీ పరీక్షలున్నాయనేదాన్ని. రెండుసార్లు అలా అయ్యాక ఆమె చెప్పడం మానేసింది.

మార్చి చివరి వారంలో తొమ్మిది గంటలు పూర్తయ్యాయి. చివరి గంట రోజున నన్నూ రమ్మంది. రన్‌వే దగ్గరకు పోయాక విమానం వైపు కాకుండా శిక్షకుడి బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, గీ గంట నాకొద్దు. జూన్‌ల నా బిడ్డకు పదహారు నిండుతయి. ఆమెకు ఉంచుండ్రి."

గడువు మార్చితో సరి అని ఆయన చెప్పాడు. రూలు ఒప్పుకోదని కూడా చెప్పాడు.

"రూలు కోసమని పదిహేడేళ్ళ పిల్ల చిన్నపిల్లయి కూసున్నది సార్. మీ రూలు జర మూడు నెలలు పెద్దది కాలేదా?"

ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు. రిజిస్టరు తెరిచి అమ్మ పేరు ఎదుట చివరి గంట గడిని ఖాళీగా ఉంచి, పక్కన జూన్ అని పెన్సిలుతో రాశాడు.  తిరిగొచ్చేటప్పుడు కారు వెనక సీట్లో అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "ఏందే, పరేషాన్ జేస్తవ్" అని అమ్మ నవ్వింది.

జూన్‌లో, కాగితం మీద నా పదహారో పుట్టినరోజు దాటాక, డాక్టరు పరీక్షా మౌఖిక పరీక్షా ముగించి ఆ గంట ఎగిరాను. నేల కిందికి జారిపోయిన ఆ క్షణం గురించి ఎనిమిది పేజీల్లో ఏం రాశానో గుర్తు చేసుకోబోతే ఒక్క ముక్క గుర్తు రాలేదు. మా మేడ కనిపించింది. మేడ మీద ఎర్ర చీర కూడా కనిపించింది. శిక్షకుడు హెడ్‌ఫోన్‌లో అన్నాడు, "మీ అమ్మ ఈడికొచ్చినప్పుడల్లా ఇంకో చక్కర్ కొడదాం సార్ అనేది. దిగమంటే దిగేది కాదు." నేను విన్నాను, నవ్వాను. గంట అయ్యాక దిగేశాను.

ఆ వినడం ఏం వినడమో గానీ, ఆ మాట నా లోపలికి పోవడానికి పన్నెండేళ్ళు పట్టింది. డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, అదీ ప్రైవేటు. నాయిన దాచిపెట్టిన ఇరవై నెలలు దేనికీ పనికి రాలేదు. తెలంగాణ వచ్చింది. ఓనరుగారు ఏ బస్సూ ఎక్కలేదు, ఆ మేడ మీదే ఉన్నారు. మొన్న నా ఆఫీసులో ఒకామె, వాళ్ళ పాపకు విమానాల పిచ్చి అని, ఎన్నేళ్ళకు నేర్చుకోవచ్చని అడిగింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది అని గడగడా అప్పజెప్పాను. "మరి ఎన్నేళ్ళ దాకా?" అని అడిగింది. సొంత సరదాకు నడిపే లైసెన్సుకు పైన హద్దేమీ లేదని, వయసు పెరిగేకొద్దీ డాక్టరు దగ్గరికి మరింత తరచుగా పోవాలంతేనని చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాను. ఆ నియమాలు నేను వందసార్లు చదివాను. ప్రతిసారీ నా కోసమే చదివాను. వయసు చాలలేదని నన్ను ఆపితే ఇల్లంతా కదిలింది. వయసు అన్ని విధాలా సరిపోయిన మనిషి తనంతట తానే దిగిపోతే, ఎందుకని అడిగినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం నాగోలులో మెట్రో దిగి తిన్నగా అమ్మ దగ్గరికి పోయాను. ఆమెకిప్పుడు యాభై దాటాయి. ఏదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది.

"అమ్మా, ప్రైవేట్ పైలట్‌కు ఇంత వయసే ఉండాలని పైన హద్దేమీ లేదు, తెలుసా?"

"తెలుసు" అంది తలెత్తకుండా. "గప్పుడే సారును అడిగిన."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలె."

దారం పంటితో తెంపి, జాకెట్టు పక్కన పెట్టి, నా మొహంలోకి చూసింది. "శనివారం నీకు సెలవేనా? గా విమానాల డాక్టరు పొద్దుగాలనే కూసుంటడేమో కనుక్కో. పరగడుపున రమ్మంటరు."